అడిగి తినెడి మర

పిండిమరలు ఊరూర వెలయకపూర్వము మన ఇండ్లలో తిరుగలియే మర. తెల్లవారుజామున ఇల్లాలు తిరుగలి ముందు కూర్చుండి, ఒక చేత పిడి పట్టి పైరాతిని త్రిప్పుచు, రెండవ చేత గింజలను పిడికెడు పిడికెడుగా రాతి నడుమనున్న రంధ్రములో పోయుచుండెడిది. ఆమె ప్రక్కవారితో మాటలాడుచుండెడిది. లేదా పాట పాడుకొనుచుండెడిది. గింజలు పోయు చేతివంక ఆమె చూపు మరలెడిది కాదు. అయినను ఆ చేయి పొరపాటు చేసెడిది కాదు. ఎప్పుడు పోయవలెనో, ఎంత పోయవలెనో దానికి తెలిసియుండెను.

ఎట్లు తెలిసినది? మీ యింట తిరుగలి యున్నచో మీరే పరీక్షించి చూడవచ్చును. గింజలు ఎక్కువగా పోసినచో పైరాయి బరువెక్కి త్రిప్పుటకు కష్టమగును. పిండి బరకగా వచ్చును. కొన్ని గింజలు నలుగకయే అంచునుండి జారిపడును. తక్కువగా పోసినచో రాయి చులుకనగా తిరుగును. రాయి రాతిని ఒరసికొని గరగరమని ధ్వని పుట్టును. రాతిపొడి పిండిలో కలియును. త్రిప్పుచున్న చేతికి రాతి బరువు తెలియుచుండును. చెవికి దాని ధ్వని తెలియుచుండును. ఆ రెండు వార్తలను బట్టి రెండవ చేయి తన పనిని దిద్దుకొనును. ఒక చేయి అడుగును. ఒక చేయి పెట్టును.

ఇప్పుడొక ప్రశ్న వేసికొందము. ఆ రాతిని త్రిప్పునది మనిషి చేయి కాక, ఏటి నీరైనచో ఏమగును? గాలియైనచో ఏమగును? ఏటికి చెవులు లేవు. గాలికి పిడికిలి లేదు. అట్టి మరకు వేళకు తగినంత మేత పెట్టువారెవ్వరు? పూర్వపు మరల పనివారు ఈ ప్రశ్నకు కనుగొనిన సమాధానము చూచుటకు మిక్కిలి చిన్నది; ఒక కొయ్యముక్కయు, ఒక త్రాడును మాత్రమే. కాని దాని వెనుకనున్న ఆలోచన నేటి గొప్ప యంత్రములన్నింటను కనబడుచున్నది.

నీటి బలముతో తిరుగలిని త్రిప్పుట చాల ప్రాచీనమైన విద్య. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున జీవించిన విట్రూవియస్ అను రోమను వాస్తుశిల్పి తన గ్రంథమున నీటిమరను వర్ణించి, రాళ్ళకు పైన వ్రేలాడు తొట్టినుండి ధాన్యము దిగుచుండునని వ్రాసెను. తరువాతి కాలమున ఐరోపా ఖండమున నీటిమరలును, గాలిమరలును వేలకొలదిగా వెలసెను. వాని రాళ్ళు మన తిరుగలి రాళ్ళవంటివి కావు. నాలుగడుగుల అడ్డుకొలత గల పైరాయి సుమారొక టన్ను బరువుండును. అది నిమిషమునకు నూరు మార్లకు పైగా తిరుగును. క్రింది రాయి కదలదు. ఈ రెండు రాళ్ళును ఒకదానినొకటి తాకరాదు. అంచు వద్ద వాని నడుమ ఎడము పలుచని కాగితమంత మాత్రమే యుండును. ఆ ఎడములో ధాన్యపు పొర యొకటి ఎల్లప్పుడు పరచుకొనియుండవలెను. ధాన్యము రాళ్ళకు ఆహారము మాత్రమే కాదు. రాతికిని రాతికిని నడుమ పరుపు కూడ అదియే.

మేత మితిమీరినచో రాళ్ళ నడుమ గింజలు క్రిక్కిరిసి, పిండి బరకబారి, తుదకు రాయి నిలిచిపోవును. మేత చాలనిచో పలుచని పిండిపొర ఒరపిడికి వేడెక్కి, దాని రుచియు గుణమును చెడును. మేత బొత్తిగా నిలిచిపోయినచో అంతకంటె పెద్ద కీడు కలుగును. బరువు తొలగిన రాయి వేగము పుంజుకొనును. రాయి రాతిని తాకును. రాళ్ళపై ఉలితో చెక్కిన గాళ్ళు అరిగిపోవును. నిప్పురవ్వలు ఎగురును. చుట్టును కొయ్య గోడలును, కొయ్య అంతస్తులును, గాలిలో తేలియాడు పిండి ధూళియు ఉండగా, ఒక్క నిప్పురవ్వ యెంత పని చేయగలదో ఊహింపుడు.

అట్లయినచో తొట్టి యడుగున ఒక రంధ్రము చేసి విడిచిన చాలదా? గింజలు వానియంతట అవియే పడుచుండును గదా! ఈ యూహ మొదట అందరకును తోచునదే. కాని దీనియందు మూడు లోపములు కలవు. మొదటిది: గింజలు నీటివంటివి కావు. చిన్న రంధ్రము వద్ద అవి ఒకదానికొకటి ఆనుకొని, కమానువలె బిగిసికొని నిలిచిపోవును. తొట్టి నిండుగ నున్నను ఒక్క గింజయు దిగదు. రెండవది: రంధ్రమునకు రాతి సంగతి తెలియదు. వాన కురిసి యేరు పొంగి రాయి రెట్టింపు వేగముతో తిరిగినను, ఎండకు నీరు తగ్గి రాయి మెల్లగా కదలినను, అది పోయునది ఒక్క తీరుగనే పోయును. మూడవది: రాయి ఆగిపోయినను గింజలు పడుట ఆగదు. రాతి నోరు నిండి, పొంగి, ధాన్యము నేలపాలగును.

ఈ మూడు లోపములను ఒక్క కొయ్యముక్క తీర్చుట చూడవలెనన్న హిమాలయ ప్రాంతములకు పోవలెను. ఉత్తరాఖండము, హిమాచల ప్రదేశము మొదలగు చోట్ల కొండవాగులపై చిన్న నీటిమరలు కలవు. వానిని అచ్చట ఘరాట్ లందురు. వాగునుండి కాలువగా తెచ్చిన నీరు వాలుగా దిగి చక్రమును త్రిప్పగా, దాని ఇరుసుపై నున్న రాయి తిరుగును. పైన వ్రేలాడు తొట్టినుండి గింజలు ఒక చిన్న దోనెలోనికి దిగును. ఆ దోనెకు ఒక పుల్ల కట్టబడియుండును. పుల్ల రెండవ కొన తిరుగుచున్న రాతి పైభాగమున ఆనియుండును. రాతి పైభాగము నునుపుగా ఉండదు గావున, రాయి తిరుగుచున్నంతసేపు పుల్ల ఎగిరెగిరి పడుచుండును. పుల్ల అదరగా దోనె అదరును. దోనె అదరగా గింజలు కొలది కొలదిగా జారి రాతి రంధ్రములో పడును. రాయి వేగముగా తిరిగినచో పుల్ల వేగముగా ఎగురును. గింజలు ఎక్కువగా పడును. రాయి మెల్లగా తిరిగినచో తక్కువగా పడును. రాయి ఆగినచో పుల్ల ఆగును, గింజయు ఆగును. మర నడుపువాడు మరొక పనికి పోయినను మర చెడిపోదు.

ఐరోపా మరలలో ఇదే యేర్పాటు మరికొంత చక్కదిద్దబడినది. తొట్టి క్రింద కొయ్య దోనె యొకటి కొంచెము వాలుగా వ్రేలాడుచుండును. రాతి నడుమనుండి పైకి ఒక ఇనుప కడ్డీ నిలువుగా లేచియుండును. ఆ కడ్డీ గుండ్రముగా గాక పలకలుగా నుండును. వంగెడి కొయ్యబద్ద యొకటి దోనెను ఎల్లప్పుడు కడ్డీవైపునకు లాగి పట్టుకొనును. రాతితోపాటు కడ్డీ తిరుగును. దాని అంచులు ఒకదానివెంట ఒకటి దోనెను తట్టును. తట్టినప్పుడు దోనె ఆవలికి పోవును. బద్ద దానిని మరల ఈవలికి లాగును. ఈ కుదుపులకు గింజలు బిగిసికొని నిలువక, సన్నని ధారగా రాతి నోటిలో పడుచుండును.

దీని లెక్క మీరే వేయవచ్చును. కడ్డీకి నాలుగు అంచులు కలవనుకొనుడు. రాయి నిమిషమునకు 120 మార్లు తిరిగినచో దోనెకు 480 తట్లు తగులును. గాలి హెచ్చి రాయి 150 మార్లు తిరిగినచో తట్లు 600 అగును. గాలి తగ్గి 90 మార్లు తిరిగినచో 360 అగును. రాయి నిలిచినచో ఒక్క తట్టును ఉండదు. లెక్క కట్టువాడు లేకయే లెక్క తప్పకుండ జరుగుచుండును.

పనిచేయునంతసేపు ఈ కడ్డీ టకటకమని మ్రోగుచుండును. ఆ గోల విని ఇంగ్లండునందలి మరలవారు దీనికి 'డ్యామ్సెల్' అని పేరు పెట్టిరి. ఆ మాటకు పడుచుపిల్ల యని యర్థము. ఎడతెగక మాటలాడునది గావున ఆ పేరు పెట్టితిమని వారు పరిహాసమాడెడివారు. కాని ఆ మాటలు వట్టి మాటలు కావు. రాయి ఎంత వేగముగా నున్నదో, ఎంత తినగలదో ఆ టకటక ధ్వనియే దోనెకు తెలుపుచున్నది. మన తిరుగలి ముందు ఇల్లాలి రెండు చేతుల నడుమ జరిగిన సంభాషణయే ఇచ్చట ఇనుమునకును కొయ్యకును నడుమ జరుగుచున్నది.

ఇందలి కీలకమును కొంచెము నిదానించి పరిశీలింతము. గాలిమరపై హఠాత్తుగా పెద్దగాలి వీచినదనుకొనుడు. రాయి వేగము హెచ్చును. వేగము హెచ్చినందున దోనెకు తట్లు హెచ్చును. తట్లు హెచ్చినందున గింజలు హెచ్చుగా పడును. గింజలు హెచ్చినందున రాతికి పని హెచ్చును. పని హెచ్చినందున దాని వేగము కొంత తగ్గును. గాలి తగ్గినప్పుడు ఇదంతయు తారుమారుగా జరుగును. చూచితిరా! వేగముతో మొదలైన వరుస చుట్టు తిరిగి వచ్చి మరల వేగమునే దిద్దుచున్నది. కారణమునుండి పుట్టిన ఫలము వెనుకకు వచ్చి, ఆ కారణమునకే కళ్ళెము వేయుచున్నది. ఇరువదవ శతాబ్దపు ఇంజనీర్లు ఇట్టి ఏర్పాటునకు 'ఫీడ్‌బ్యాక్' అని పేరిడిరి. తెలుగున ప్రతిపుష్టి యనుట కలదు. ఆ పేరు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే, చదువురాని మరల పనివారు దానిని కొయ్యతో చేసి, త్రాటితో కట్టి, దినదినము వాడుకొనుచుండిరి.

అయినచో మనిషికి పనియే లేదా? ఉన్నది. ధాన్యము లన్నియు ఒక్క తీరుగా నుండవు. గోధుమ బాగుగ ఎండినచో ఒక తీరున నలుగును; చెమ్మగిలినచో ఒక తీరున నలుగును. యవలకు ఒక కొలత, చిక్కుడు గింజలకు మరొక కొలత. ఏ ధాన్యమునకు ఎంత ధార కావలెనో కొయ్యకు తెలియదు. అది మర నడుపువాడు నిర్ణయింపవలెను. దోనె ముందు కొనకు ఒక త్రాడు కట్టి, దానిని క్రింది అంతస్తు వరకు దింపి, ఒక మరకొయ్యకు చుట్టుదురు. కొయ్యను ఒకవైపు త్రిప్పినచో త్రాడు బిగిసి దోనె కొన పైకి లేచును. వాలు తగ్గి గింజలు తక్కువగా జారును. రెండవవైపు త్రిప్పినచో వాలు పెరిగి గింజలు ఎక్కువగా జారును. మర నడుపువాడు క్రింది అంతస్తున నిలిచి, గొట్టమునుండి దిగు వెచ్చని పిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచి, త్రాటిని సవరించును. అతని బొటనవ్రేలే అతని శాస్త్రము. ఎంత కావలెనన్నది మనిషి చెప్పును. చెప్పిన కొలతను వేగమునకు తగినట్లు నడిపించుట యంత్రము చేయును. పని ఈ విధముగా పంచుకొనుటలోనే ఇద్దరి మేలును కలదు.

ఇక ఒక్క చిక్కు మిగిలినది. దోనె ఎంత చక్కగా కుదిపినను తొట్టిలో గింజలే లేకపోయిన నేమి చేయగలదు? దానికిని ఒక ఉపాయము కలదు. తొట్టి లోపల అడుగునకు దగ్గరగా ఒక తోలుపట్టీ అడ్డముగా కట్టుదురు. గింజలున్నంతవరకు వాని బరువునకు ఆ పట్టీ అణగియుండును. పట్టీకి కట్టిన త్రాటి రెండవ కొనకు ఒక చిరుగంట వ్రేలాడుచుండును. గింజలు తగ్గిపోగానే పట్టీపై బరువు తొలగును, త్రాడు వదులగును, గంట క్రిందికి జారి, తిరుగుచున్న భాగమునకు తగిలి గణగణ మ్రోగును. మర నడుపువాడు నిద్రించుచున్నను ఉలికిపడి లేచి పరుగెత్తును. ఆకలిగొన్న పశువు అంబాయని పిలిచినట్లు, మర తన ఆకలిని తానే చెప్పుకొనును.

మేతను దిద్దుకొన్న మర తరువాత రాళ్ళ ఎడమును దిద్దుకొన నేర్చెను. గాలి హెచ్చి గింజలు ఎక్కువగా పడినప్పుడు రాళ్ళ నడుమ ఎడము విశాలమై పిండి బరకబారుట కలదు. అప్పుడు రాళ్ళను దగ్గరకు తేవలెను. గాలి తగ్గినప్పుడు దూరము చేయవలెను. గాలి నిమిషమున కొక తీరుగ వీచుచుండగా చేతితో ఈ పని చేయుట దుస్సాధ్యము. జాతరలో రంగులరాట్నమును మీరు చూచియుందురు. అది వేగముగా తిరుగుకొలది గొలుసులకు వ్రేలాడు కుర్చీలు వెలుపలికి విచ్చుకొని పైకి లేచును. అదే విధముగా తిరుగు కడ్డీకి రెండు ఇనుపగుండ్లను వ్రేలాడగట్టినచో, వేగము హెచ్చినపుడు అవి పైకి లేచును, తగ్గినపుడు దిగును. ఆ లేచుట, దిగుట లనే మీటలకు కలిపి రాళ్ళ ఎడమును సవరించిరి. థామస్ మీడ్ అను ఆంగ్లేయుడు 1787లో గాలిమరల కొఱకు ఇట్టి గుండ్ల ఏర్పాటునకు పేటెంటు హక్కు పొందెను.

ఆ కాలముననే లండను నగరమున ఆల్బియన్ మిల్స్ అను పెద్ద పిండిమర వెలసెను. అది 1786లో పని ప్రారంభించినది. దాని రాళ్ళను జేమ్స్ వాట్ ఆవిరియంత్రము త్రిప్పుచుండెను. వాట్ భాగస్వామియైన మాథ్యూ బోల్టన్ 1788లో ఆ మరలో రాళ్ళ ఎడమును సవరించు గుండ్లను చూచి, వానిని గూర్చి వాట్‌నకు జాబు వ్రాసెను. వాట్ ఆ యూహను గ్రహించి, ఆ సంవత్సరముననే దానిని తన ఆవిరియంత్రమునకు అమర్చెను. వేగము హెచ్చినపుడు గుండ్లు లేచి ఆవిరి మార్గమును మూయును; తగ్గినపుడు తెరచును. ఇదియే లోకప్రసిద్ధమైన గవర్నరు. ఆవిరియంత్రము పిండిమరకు బలమిచ్చెను. పిండిమర ఆవిరియంత్రమునకు మితము నేర్పెను.

అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల అమెరికాలో ఆలివర్ ఎవాన్స్ అను నతడు మరొక మార్గమున నడచెను. ధాన్యమును పై అంతస్తునకు మోయుట, పిండిని ఆరబెట్టుట, జల్లెడకు అందించుట మొదలగు పనులన్నియు అంతవరకు కూలివారు చేయుచుండిరి. ఎవాన్స్ గిన్నెలు కట్టిన పట్టీలతో ధాన్యము పైకెక్కునట్లును, తిరుగు దంతెతో పిండి చల్లారి జల్లెడలోనికి క్రమముగా పడునట్లును చేసెను. ఇందుకు ఆతడు 1790లో పేటెంటు హక్కు పొందెను. ఆ తిరుగు దంతెకు పేరు 'హాపర్ బాయ్', అనగా తొట్టి వద్ద పనిచేయు కుఱ్ఱవాడు. పూర్వము ఆ పని నిజముగా కుఱ్ఱవాండ్రే చేయుచుండిరి. పని యంత్రమునకు పోయినను పేరు మాత్రము కుఱ్ఱవానిదే నిలిచినది.

ఇంతవరకు చదివి, ఇవి యన్నియు పిండి బాగుగ వచ్చుటకే గదా యని మీరనుకొనవచ్చును. ఇవి ప్రాణములకు సంబంధించిన విషయములని 1878లో లోకమునకు తెలిసినది. అమెరికాలోని మిన్నియాపోలిస్ నగరమున మిసిసిపీ నదీతీరమున వాష్‌బర్న్ 'ఏ' మిల్లు అను గొప్ప పిండిమర యుండెను. అది 1874లో కట్టబడినది. 1878 మే 2వ తేదీ సాయంకాలము పగటి పనివారు ఇండ్లకు వెడలిరి. రాత్రి పనివారు వచ్చి పనిలో చేరిరి. కొంతసేపటికి భయంకరమైన ప్రేలుడు జరిగి, ఆ రాతికట్టడము నేలమట్టమయ్యెను. మంటలు ప్రక్కనున్న మరలకును వ్యాపించెను. పదునెనిమిదిమంది మరణించిరి. ఆ రాత్రి ఆ మరలో పనికి చేరిన పదునాలుగుగురిలో ఒక్కడును బ్రతుకలేదు.

అచ్చట తుపాకిమందు లేదు. మరి ప్రేలినదేమి? పిండియే. కుప్పగా పోసిన పిండికి నిప్పంటించుట కష్టము. కాని అదే పిండి సన్నని ధూళియై గాలిలో నిండియున్నప్పుడు, ప్రతి రేణువు చుట్టును గాలి యుండును. ఒక రేణువు అంటుకొన్నచో రెప్పపాటులో అన్నియు అంటుకొనును. వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి గోడలను బ్రద్దలు చేయును. మరి మొదటి నిప్పు ఎచ్చటనుండి వచ్చెను? మేత లేక వట్టిగా తిరిగిన రాళ్ళ ఒరపిడివలన పుట్టి యుండునని నాటి విచారణలో అభిప్రాయపడిరి. గింజలు పడవలసిన చోట గింజలు పడకపోవుట! తిరుగలి ముందు కూర్చున్న ఇల్లాలు గరగర ధ్వని వినగానే దిద్దుకొను చిన్న పొరపాటు అది. అంత పెద్ద మరలో, అన్ని రాళ్ళ హోరులో, దానిని విని దిద్దు చేయి ఆ క్షణమున లేకపోయినది.

మిల్లు యజమాని కాడ్వాలడర్ వాష్‌బర్న్ ఆ చోటనే కొత్త మరను కట్టించెను. ధూళిని ఎప్పటికప్పుడు పీల్చివేయు సాధనములు దానిలో అమర్చబడెను. ఆ కాలముననే రాళ్ళకు బదులు ఇనుప రోలర్లు వాడుకలోనికి వచ్చుచుండెను. హంగేరీ దేశపు బుడాపెస్టు నగరమున తయారైన రోలర్లు అప్పటికే పేరు పొందియుండెను. రెండు రోలర్లు ఎదురెదురుగా, వేరు వేరు వేగములతో తిరుగుచుండగా వాని నడుమ గోధుమ పగులును. ఒకే జతలో పిండి కాదు; ఒకదాని తరువాత ఒకటిగా అనేక జతల గుండ పోయి, నడుమ నడుమ జల్లెడపట్టబడి, క్రమముగా మెత్తనగును.

రోలరు మరలో మేత యేర్పాటు మరింత అవసరము. ఏలనన, ఒక జతనుండి వచ్చినదే రెండవ జతకు మేత. ఒకచోట ధార తప్పినచో వెనుకనున్న వన్నియు తప్పును. అందువలన ప్రతి జతకు పైన సన్నని మేత రోలరును, దాని ముందు చిన్న తలుపును అమర్చిరి. పైనుండి దిగు సరకు పెరిగినచో దాని బరువునకు ఒక పలక అణగి, మీటల ద్వారా తలుపును మరికొంత తెరచును. సరకు తగ్గినచో ఎదురు బరువు పలకను పైకెత్తి తలుపును మూయును. సరకు బొత్తిగా రాకపోయినచో పెద్ద రోలర్లు తమంత తామే ఎడమై, ఒకదానినొకటి ఒరసికొనకుండ తొలగిపోవు ఏర్పాటు కూడ తరువాత వచ్చినది. గంట మ్రోగించి మనిషిని పిలుచుటకు బదులు, ఆపద నుండి మర తానే ప్రక్కకు తప్పుకొన నేర్చినది.

నేటి మరలలో సరకు ఎంత యున్నదో విద్యుత్సాధనములు కనిపెట్టుచున్నవి. పశువుల దాణా నూరు సుత్తిమరలలో మోటారు ఎంత విద్యుత్తును తీసికొనుచున్నదో చూచి, మేతను సవరించు పద్ధతి కలదు. బరువు పెరిగినచో మోటారు ఎక్కువ విద్యుత్తును లాగును. వెంటనే మేత తగ్గించబడును. బరువు తగ్గినచో మేత పెంచబడును. రాతి వేగమునకు బదులు విద్యుత్తు, కొయ్య దోనెకు బదులు మరచుట్ల గొట్టము వచ్చినవి. అడుగుట, పెట్టుట యను పాత వరుస మాత్రము మారలేదు.

మీ ఊరి పిండిమరకు పోయినప్పుడు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. తొట్టి క్రింద ఒక రేకు పలక యుండును. మర నడుపువాడు దానిని కొంచెము లాగును, కొంచెము నెట్టును. అతని కన్ను మీ మూటపై ఉండవచ్చును. చెవి మాత్రము మర ధ్వనిపై నుండును. ధ్వని బరువెక్కినచో పలకను మూయును, తేలికయైనచో తెరచును. వెనుకటి ఇల్లాలి చెవియే అచ్చట ఇంకను పనిచేయుచున్నది.

బలము గల యంత్రమును చేయుట గొప్పయే. కాని బలము ఒక్కటియే యున్న యంత్రము ఆకలి నెరుగదు, అజీర్తి నెరుగదు. తన్ను తాను అరగదీసికొనును, ప్రక్కవానిని కాల్చివేయును. తన స్థితిని తాను చెప్పుకొనగల యంత్రమే మనిషికి నమ్మకమైన తోడు. ఆ చెప్పిన మాటను వినుటకు ఒక కొయ్య దోనెయైనను, ఒక గంటయైనను, ఒక మనిషి చెవియైనను సిద్ధముగా నుండవలెను. మిన్నియాపోలిస్ నగరమున ఆ సాయంకాలము కరవైనది అదియే.

ప్రశ్నలు

1. తిరుగలి విసరునపుడు గింజలు ఎక్కువైనను, తక్కువైనను కలుగు ఫలితములు ఏవి?

2. తొట్టి యడుగున రంధ్రము మాత్రమే యున్నచో కలుగు మూడు లోపములను వివరింపుడు.

3. 'డ్యామ్సెల్' అనగా నేమి? దాని కా పేరు ఎట్లు వచ్చినది? రాయి నిమిషమునకు 110 మార్లు తిరిగినచో నాలుగంచుల కడ్డీ దోనెను ఎన్నిమార్లు తట్టును?

4. "పిండిమర ఆవిరియంత్రమునకు మితము నేర్పెను." ఈ వాక్యమును సమర్థింపుడు.

5. 1878లో మిన్నియాపోలిస్ నగరమున జరిగిన ప్రమాదమును, దాని కారణములను మీ సొంత మాటలలో వ్రాయుడు.

6. మీ ఊరి పిండిమరను దర్శించి, దానిలో ధాన్యము దిగు ఏర్పాటును గూర్చి పది వాక్యములు వ్రాయుడు.